తొక్కితే ఆగే బండి

నా కోపం సంగతి తెలకపల్లి చుట్టుపక్కల అందరికీ తెలుసు. బండి కింద పనిలో ఉన్నప్పుడు ఎవరైనా నోరు తెరిస్తే మీదికి లేచేవాణ్ణి. మిషన్ దవాఖాన డాక్టరమ్మ కారు కింద ఆరేళ్లు పడుకుని నేర్చుకున్న విద్య నాది. చప్పుడు విని ఇంజను జబ్బు చెప్పగలిగినవాడు ఈ తాలూకాలో యేసయ్య ఒక్కడే, అంటే నేనే, అని నమ్మేవాణ్ణి. ఆ నమ్మకం ఒక ఆడపిల్లను మింగింది. ఇన్నేళ్లకు అది చెప్పుకుంటున్నాను.

యుద్ధం రోజులవి. పెట్రోలు కూపన్ల మీద డబ్బాల లెక్కన ఇచ్చేవారు. మా దొర దగ్గర పట్నంలో ఎవరో వాడి వాడి వదిలేసిన పాత కారు ఉండేది. దాన్ని నడిపేదీ, బాగుచేసేదీ నేనే. దాని టాంకీ వెనక కాదు, ముందు అద్దం కిందే ఉంటుంది, మూత కూడా అక్కడే. టాంకీ అడుగున ఒక బెజ్జం, దానికి సన్నటి గొట్టం. పెట్రోలు అందులోంచి తనంతట తానే జారి ఇంజనుకు చేరుతుంది. మూత దగ్గర ఉండాల్సిన జల్లెడ నేను రాకముందే చిరిగిపోయింది.

దొర నన్ను గడప తొక్కనిచ్చేవాడు కాదు. నాకు నీళ్లు కావాలంటే పైనుంచి దోసిట్లో పోసేవారు. అదే దొర నా పక్క సీట్లో కూర్చుని పాలమూరు దాకా వచ్చేవాడు. కారులో అంటు ఉండదు కాబోలు.

ఆ దసరాకు కూడా కారు కడిగి వాకిట్లో నిలబెట్టి మా పేటకు వెళ్లిపోయాను. పూజ జరిగేటప్పుడు నేను దగ్గర ఉండకూడదు, ఏటా అంతే. సాయంత్రం వచ్చేసరికి బానెట్టు మీద పసుపు బొట్లు, స్టీరింగుకు జమ్మి ఆకు, చక్రాల కింద చితికిన నిమ్మకాయలు ఉన్నాయి.

మూడో రోజు దొరను నాగర్‌కర్నూలు కచేరీకి తీసుకెళ్తున్నాను. వాగు దాటి మిట్ట ఎక్కేటప్పుడు యాక్సిలేటరు తొక్కాను. బండి వణికింది, దగ్గింది, ఆగింది. కాసేపాగి దిగి ముందున్న హ్యాండిల్ కొడితే ఏమీ ఎరగనట్టు అందుకుంది. మెల్లగా పోతే గంటసేపైనా పోతోంది. తొక్కితే ఆగుతోంది.

"ఏమైందిరా ఏసిగా?" అన్నాడు దొర.

"పెట్రోల్ల గ్యాస్‌నూనె కలిపిండ్రు దొరా. గంతే," అన్నాను.

గ్యాస్‌నూనె అంటే కిరసనాయిలు. ఆ రోజుల్లో కలపని డబ్బా ఎక్కడుంది? కానీ కొత్త డబ్బా పోసినా అదే వరస. కార్బొరేటరు విప్పి, దాని సన్న బెజ్జాలు గుర్రపు వెంట్రుకతో శుభ్రం చేశాను. ప్లగ్గులు మార్చాను. పాయింట్లు గరుకు కాగితంతో రుద్దాను. గొట్టం విప్పి కింద లోటా పెడితే ధార బాగానే పడింది. సగం లోటా నిండగానే చాలనిపించి బిగించేశాను. ఇంకో రెండు లోటాలు పట్టి ఉంటే ధార సన్నబడి ఆగిపోవడం నా కళ్లతో చూసేవాణ్ణి. అంత ఓపిక నాకెక్కడిది? టాంకీలో దోషం లేదు, ఉన్నదంతా కార్బొరేటరులోనే అని తేల్చేశాను. తా పట్టిన కుందేటికి మూడే కాళ్లు.

దొర కూతురు రాధమ్మ తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. పద్దెనిమిదేళ్లుంటాయి. ఆ ఇంట్లో నన్ను అన్నా అని పిలిచే మనిషి ఆమె ఒక్కతే. నేను బండి కింద ఉంటే అరుగు మీద కూర్చుని కబుర్లు చెప్పేది.

"యేసన్నా, దానికి కడుపునొప్పా ఏంది?"

"ఇంజనుకు కడుపెక్కడిదమ్మా. జర దూరం కూసోండ్రి, నూనె పడ్తది."

"గట్ల కాదు. పండుగ నాడు నేను దానికి..." అని ఏదో చెప్పబోయింది.

"నన్ను పని చేస్కోనియ్యమ్మా," అన్నాను. ఆమె నవ్వి లేచి లోపలికి పోయింది.

పండుగ పోయిన పదమూడో రోజు తెల్లవారగానే ఆమెకు నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ అడ్డం తిరిగింది. మంత్రసాని ఎంకమ్మ బయటికొచ్చి, "ఇది నా చేతుల లేదు దొరా. పాలమూరు దవాఖానకు తీస్కపోండ్రి. మధ్యాహ్నం లోపల పోతే తల్లన్న దక్కుతది," అంది.

నలభై మైళ్లు. ఎడ్లబండి మీద అయితే మర్నాటికి గానీ చేరదు. కారు బాగుంటే రెండు గంటలు. వెనక సీట్లో తల్లి రేణుకమ్మ ఒళ్లో తల పెట్టి రాధమ్మను పడుకోబెట్టారు. ఎంకమ్మ కాళ్ల దగ్గర కూర్చుంది. దొర నా పక్కన కూర్చున్నాడు.

ఊరు దాటకముందే ఒకసారి ఆగింది. నాగర్‌కర్నూలు చేరేలోగా ఇంకో నాలుగుసార్లు ఆగింది. తొక్కకుండా పోనిస్తే ఎద్దు నడక కంటే కొంచెం నయం, అంతే. వెనక ఆ పిల్ల మూలుగు వింటూ అట్లా పోనివ్వడానికి నా కాలు ఒప్పేది కాదు. నా కాలు ఒప్పినా దొర ఒప్పలేదు. నన్ను ముట్టుకుంటే స్నానం చేసే మనిషి, నా మోకాలి మీద అరచెయ్యి పెట్టి బలంగా అదిమాడు.

"తొక్కురా ఏసిగా. నీకు దండం పెడ్త, తొక్కు."

తొక్కాను. ఆగిపోయింది.

దిగి, కాలుతున్న గొట్టం పీకి, నోరు పెట్టి గట్టిగా పైకి ఊదాను. బిగించి హ్యాండిల్ కొడితే బండి ఒకటిన్నర మైలు గుర్రంలా పరిగెత్తింది. "దొరికింది దొరా, నలుసు అడ్డంబడ్డది, పోయింది," అని గొప్పలు కూడా చెప్పుకున్నాను. బిజినేపల్లి ముందు మళ్లీ అదే దగ్గు, అదే ఆగడం.

మళ్లీ బానెట్టు ఎత్తి, నలుసు అందులోకే జారి ఉంటుందని కార్బొరేటరు విప్పుతున్నాను. ఎండ నెత్తిన పడుతోంది. చేతులు బొబ్బలెక్కాయి. అప్పుడు రాధమ్మ కళ్లు తెరిచింది.

"యేసన్నా," అంది సన్నగా. "దసరా నాడు దానికి బువ్వ పెట్టిన గదా. ఎడ్లకు పెట్టినట్టే, దాని నోట్లనే పోసిన. తిని కూడ ఎందుకు పోతలేదు?"

నొప్పుల మీద కలవరిస్తోందనుకున్నాను. రేణుకమ్మ ఏడుపు అందుకుంది. నేను తల కూడా ఎత్తలేదు.

"దొరసానీ, జర ఆమెను మాట్లాడనియ్యకుండ్రి. నాకు మతి కుదురుతలేదు," అని కసిరాను.

రేణుకమ్మ కూతురి నోటి మీద చెయ్యి వేసి, "ఊకో బిడ్డా," అంది. రాధమ్మ ఊరుకుంది. మళ్లీ మాట్లాడలేదు.

ఆ ఒక్క మాట చెవిన పెట్టి ఉంటే, గొట్టం పీకి, పెట్రోలంతా గుడ్డలో వడగట్టి తిరిగి పోసుకుంటే అరగంట పని. నేనేమో రోగం లేని కార్బొరేటరును నాలుగోసారి ఊదుతూ కూర్చున్నాను.

పొద్దు వాలుతుండగా పాలమూరు ఇంకా ఎనిమిది మైళ్లుందనగా ఎంకమ్మ వెనక నుంచి నా భుజం తట్టింది.

"బండి మలుపు యేసయ్యా," అంది. "ఇంక తొందర లేదు."

మలిపాను. తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారు. ఇంటిదాకా మెల్లగా, ఎక్కడా తొక్కకుండా నడిపాను. అంత దారిలో ఆ బండి ఒక్కసారి కూడా ఆగలేదు.

మూడో రోజు ఎవరూ చెప్పకుండానే పోయి టాంకీ మొత్తం ఖాళీ చేశాను. పెట్రోలు అయిపోయే ముందు గొట్టం మూసుకుపోయింది. తీగ పెట్టి కెలికి మిగిలింది గుడ్డలోకి వంచాను. పసుపు రంగు బియ్యపు గింజలు, గుప్పెడు. అక్షింతలు. తొక్కినప్పుడు పెట్రోలు జోరుగా దిగుతుంది, ఆ జోరుకు గింజలన్నీ బెజ్జం దగ్గరికి చేరి మూసేస్తాయి. ఆగితే విడిపోతాయి. ఇంత చిన్న సంగతి. బండికి నోరెక్కడుందో కనిపెట్టి, టాంకీ మూత తీసి ప్రేమగా తినిపించింది పిచ్చితల్లి. నాకు ఏడుపు ఆగలేదు.

దొర వెనకే వచ్చి నిలబడ్డాడు. నేను పిడికిలి బిగించాను.

"ఏం దొరికింది?"

"కచరా దొరా. టాంకీ కడగకపోతి. తప్పు నాదే."

చేతికర్ర విరిగేదాకా కొట్టాడు. సాయంత్రం లోపల గుడిసె విడిచి ఊరు దాటమన్నాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు.

కర్ర పారేసి ఆయన వెళ్లాక రేణుకమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. మూడు రోజుల్లో ముసలిదైపోయింది.

"నా బిడ్డ ఏదో బువ్వ అన్నది, యేసయ్యా," అంది. "నేనే నోరు మూసిన. ఏమన్న పనికొచ్చే మాటనా అది?"

"కాదు దొరసానీ," అన్నాను. "నొప్పుల మీద ఏదో అన్నది. గా మాటల ఏం లేదు."

ఆమె తల ఊపి లోపలికి పోయింది. నా పిడికిట్లో గింజలు పెట్రోలుకు తడిసి చల్లగా ఉన్నాయి.