కుర్చీల వెనక వరస

బడికి రాగానే ఆమె చేసే మొదటి పని కంప్యూటర్ల మీద ముసుగులు తీసి మడవడం, కీబోర్డుల సందుల్లో దుమ్ము తుడవడం. పాఠం చెప్పడం నేర్చుకోమని శిక్షణ కాలేజీ పంపితే వచ్చిన మనిషి. కానీ కంప్యూటర్ సారు మొదటిరోజే, "ఆడవాళ్ల చెయ్యి పడితే గదికి కళ వస్తుందమ్మా," అని గుడ్డ చేతికిచ్చి టీకి వెళ్లిపోయాడు. ఆయనకంటే అత్తగారే నయం అనుకుంది ఆమె. గిన్నెలు తోమించేటప్పుడు అత్తగారు పొగడరు.

ఆ గదిలో ఒక అలవాటుంది. కంప్యూటర్లు తక్కువ, పిల్లలెక్కువ. కుర్చీల్లో అబ్బాయిలు కూర్చుంటారు. అమ్మాయిలు వాళ్ల వెనక వరసగా నిలబడి నోట్సు రాసుకుంటారు. ఆ పద్ధతి ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. దేని తర్వాత ఏది నొక్కాలో అమ్మాయిలు ఎక్కాల్లా అప్పజెబుతారు, రాతపరీక్షలో మార్కులూ వాళ్లవే. ఒక్కరు కూడా ఏదీ నొక్కి ఎరగరు. ఇదేమిటని అడిగితే సారు, మార్కులొస్తున్నాయిగా, ఇంకేం కావాలని నవ్వాడు.

ఆ వరస చివర ఒక పొడుగుపిల్ల నిలబడేది. అందరూ నిచ్చెన అని పిలిచేవారు. ఒకరోజు అందరూ వెళ్లాక వచ్చి మెల్లగా అడిగింది.

"టీచర్, మౌసు బరువుంటుందా?"

ఆమెకి ఆ మాట మింగుడుపడలేదు. తన ఇంట్లోనూ ఒక కంప్యూటరుంది. దాని ముందు కుర్చీ భర్తది. ఆఫీసు లెక్కలు ఎక్కడైనా చిక్కుపడితే పొయ్యి దగ్గర్నుంచి ఆమెని కేకేస్తాడు. ఆమె తడిచేతులు తుడుచుకుని వెనక నిలబడి, అది కాదు, పక్కది అని చెబుతుంది. "నువ్వు చెప్పు, నేను నొక్కుతా. నీ చేతిలో పడితే ఏదో ఒకటి పాడవుతుంది," అంటాడు. కంప్యూటర్లు చదువుకున్నది ఆమె. ఇన్నేళ్లలో ఆ మాటకి ఒక్కసారీ నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. ఇప్పుడు నిచ్చెన ముందు సిగ్గేసింది.

తన పాఠం చూసి మార్కులెయ్యడానికి కాలేజీ నుంచి మేడమ్ వచ్చే రోజు కుర్చీల్లో మీరే కూర్చుంటారని అమ్మాయిలకి మాటిచ్చింది. ఆ సంగతి అబ్బాయిలు సారు చెవిన వేశారు. మేడమ్ ముందు తడుముకుంటే పోయేది నీ మార్కులేనమ్మా అన్నాడాయన. ఇంట్లో చెబితే అత్తగారు, ఆ కాగితమేదో త్వరగా తెచ్చుకుంటే దగ్గర్లో ఉద్యోగం చూసుకుని వంటవేళకి ఇల్లు చేరొచ్చు కదమ్మా అంది. భర్త తలెత్తకుండానే, "ఊరిని ఉద్ధరించడం తర్వాత, ముందు పాసవ్వు," అన్నాడు.

ఆమె లొంగిపోయింది. మేడమ్ వచ్చిన రోజు నేలకేసి చూస్తూ, ఇవాళ్టికి మామూలుగానే కానిద్దామంది. అమ్మాయిలు చప్పుడు లేకుండా కుర్చీల వెనక్కి జరిగారు.

పాఠం దివ్యంగా సాగింది. నిచ్చెన వెనకనుంచి చెవిలో గొణుగుతుంటే ముందున్న వాడు చకచకా నొక్కాడు. మేడమ్ వాడి భుజం తట్టింది. మంచి మార్కులేసి లేచింది. సారు కూర్చున్నచోటే మీసం దువ్వుకున్నాడు.

ఆమె ఆ వరస దగ్గరికెళ్లి ఏదో చెప్పబోయింది.

"పర్లేదు టీచర్," అంది నిచ్చెన. "మీరూ నిలబడే ఉన్నారుగా."

అందులో ఎత్తిపొడుపు లేదు. ఓదార్పే ఉంది. అదే ఆమెని కాల్చింది. గుమ్మం దాటబోతున్న మేడమ్ దగ్గరికి నడిచింది.

"మీరు చూసింది నా పాఠం కాదు మేడమ్. నా పాఠంలో అమ్మాయిలు కూర్చుంటారు. ఇంకో పీరియడు ఉంది, చూడండి."

మేడమ్ కళ్లజోడు సర్దుకుంది. "మళ్లీ చూస్తే ఈ మార్కులు కొట్టేయాల్సిందే. ఈసారి తప్పితే ఏడాది మళ్లీ చదవాలి. ఇంట్లో ఒప్పుకుంటారా?"

"ఒప్పుకోరు."

"మరి?"

"అయినా చూడండి."

అబ్బాయిలు సణుగుతూ లేచారు. నిచ్చెన కుర్చీ అంచున, ఎవరో లేపేస్తారన్నట్టు కూర్చుంది. తన పేరులో మొదటి అక్షరం నొక్కింది. నొక్కాక వేలు తియ్యాలని ఆ పిల్లకి తెలియదు. నోట్సులో ఆ సంగతి లేదు. ఒకటే అక్షరం తెరకి అడ్డంగా పాకింది, కింది వరసలోకి దిగింది, మళ్లీ పాకింది. వెనక అబ్బాయిలు పగలబడి నవ్వారు. సారు చెయ్యి చాస్తూ లేచాడు.

ఆమె ఆ చేతికీ కుర్చీకీ మధ్య నిలబడింది.

"కూర్చోండి సార్. వేలు తనే తీస్తుంది."

మేడమ్ గడియారం చూసుకుంది. తెర మీద అక్షరం ఇంకా పాకుతూనే ఉంది.