బ్యాటరీ మీద బొట్టు

గౌరునాయుడు వ్యాను తాళం తిప్పగానే వీధిలో ఇళ్ళన్నిట్లోనూ దీపాలు వెలుగుతాయి. వ్యాను మాత్రం కిక్కురుమనదు. ఈ వారంలో ఇది నాలుగోసారి.

ఎదురింటి సూరీడమ్మ మిక్సీ ఆ కరెంటుతోనే తిరుగుతుంది. "ఇంకోపాలి తిప్పు నాయుడూ, పచ్చడి నలగలేదు" అంటుంది, అతని మొహం చూడకుండానే.

టైము ఏడూ నలభై. పదో తరగతి పరీక్ష తొమ్మిదిన్నరకి. ఒక్క నిమిషం దాటినా గేటు వేసేస్తారు. వ్యానులో పదకొండు మంది పిల్లలు, చివరి సీటులో అతని చెల్లెలు పైడితల్లి. వాళ్ళ ఇంట్లో పుస్తకం పట్టిన మొదటివాడు గౌరునాయుడు, రెండోది ఆమె. మూడో మనిషి లేడు.

బీయస్సీ చదివినవాడు కాబట్టి అతను పద్ధతి ప్రకారమే వెళ్తాడు. బ్యాటరీ మైనస్ వైరు విప్పి మధ్యలో మీటరు పెడతాడు. తాళం తీసేసి ఉన్నా ముల్లు మూడు ఆంపియర్ల దగ్గర నిలబడుతుంది. ఎవరో కరెంటు తాగుతున్నారు. ఇక ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ పోవాలి. ఏది పీకితే ముల్లు పడిపోతుందో, దొంగ అక్కడున్నట్టు.

మొదటిది పీకితే మూలింటి టీవీ ఆగిపోతుంది. రెండోది పీకితే ఎవరి పొయ్యి మీదో అన్నం ఉడకడం మానేస్తుంది. మూడోది పీకగానే ఒక ముసలాయన దగ్గు సగంలో తెగుతుంది. ముల్లు కదలదు. జనం కదులుతారు. ఇంటి తలుపులు ఊడదీసి చంకన పెట్టుకుని వచ్చి వ్యాను చుట్టూ నిలబడతారు.

"సదువుకున్నోడివని ఊరుకుంటన్నాం. మా దగ్గు మాకిచ్చీ" అంటుంది సూరీడమ్మ.

"దగ్గు మీదే. కరెంటు నాది."

"రెండిటికీ తేడా ఏటి?"

గౌరునాయుడు మిగతా ఫ్యూజులన్నీ పీకేస్తాడు. ముల్లు మూడు దగ్గరే ఉంది.

బళ్ళ కరెంటు పని చేసే కూర్మారావు బానెట్ లోంచి తల బయటపెడతాడు. నాలుగు రోజులుగా ఇంజను పక్కనే కాపురం ఉంటున్నాడు. "అన్నీ పీకీసినా లాగుతున్నాదంటే దొంగ తీగల్లో లేడు. బ్యాటరీ నెత్తి సూడు."

బ్యాటరీ నెత్తిన, ప్లస్ బుడిపె నుంచి బ్యాటరీని బండికి బిగించిన ఇనప పట్టీ దాకా తడి పసుపు చార, మధ్యలో కుంకుమ. చెల్లెలు పరీక్ష గట్టెక్కాలని అమ్మ రోజూ పొద్దున్నే బండితో పాటు బ్యాటరీకీ బొట్టు పెడుతోంది. ఒక తడి ఆరకముందే మీద ఇంకో తడి. ఆ చార మీద వీధిజనమంతా చీమలంతై, బిందెల్లో కరెంటు మోసుకుపోతున్నారు. అందరికంటే ముందు నడుస్తున్నది అమ్మే.

గౌరునాయుడు వంటసోడా నీళ్ళలో గుడ్డ ముంచుతాడు.

"పరీచ్చకెల్లే బండికి బొట్టు సెరిపీస్తావా?" అమ్మ చెయ్యి పట్టుకుంటుంది. "నీ సదువు ఇదేనేటి నేర్పింది?"

"ఇదేనమ్మా" అని తుడిచేస్తాడు.

ముల్లు సున్నాకి పడుతుంది. ఫ్యూజులు తిరిగి పెట్టి, వైరు బిగించి తాళం తిప్పితే ఇంజను ఒక్క ఉదుటున అందుకుంటుంది. ఇళ్ళు ఆరిపోతాయి. గేరు వేసి చూస్తే, ముందు రోడ్డు లేదు. గుడ్డ తిరిగినంత మేరా తెల్లగా ఉంది.

"ఆ గీత మీదే గదా బాబూ ఇన్నాళ్ళూ నడుస్తన్నాం" అంటాడు కూర్మారావు, బానెట్ లోపల్నించి మూసుకుంటూ. జనం తలుపుల మీద దరువేసి నవ్వుతారు.

పైడితల్లి దిగుతుంది. "పిజిక్సు సదివి రోడ్డు తుడిచీసినావు" అంటుంది. అమ్మ చేతిలోంచి పసుపు గిన్నె లాక్కుని, చూపుడువేలు ముంచి, బంపరు దగ్గర్నుంచి నేల మీద గీత గీస్తుంది. గీసినంత మేర రోడ్డు వస్తుంది. "నా ఎనకే రా అన్నియ్యా. ఆపకు."

ఆమె వంగి గీస్తూ నడుస్తుంది. వ్యాను వెనకే కదులుతుంది. పిండిమిల్లు దాటేసరికి గోరు అరిగిపోతుంది. రైలుగేటు దగ్గరికి వేలు లేదు. బ్రేకు తొక్కితే ఇంజను ఆగుతుంది, ఆగితే మళ్ళీ అందుకోదు. గౌరునాయుడు ముందు అద్దంలోంచి అన్నీ చూస్తూనే రెండో గేరులో పోనిస్తాడు.

తొమ్మిదీ ఇరవై ఎనిమిదికి పరీక్ష సెంటరు గేటు. మిగతా పది మంది పిల్లలు ఆమెను దాటుకుని లోపలికి పోతారు. పైడితల్లి కుడిచెయ్యి మణికట్టు దగ్గర ఆగిపోయింది.

వాచ్‌మన్ రిజిస్టరు తోస్తాడు. "సంతకం."

ఆమె చెయ్యి చూపిస్తుంది.

"అయితే ఏలిముద్ర. మీ ఇంట్లో అందరూ ఏసిందే గదా."

పైడితల్లి వంగి నుదురు కాగితానికి ఆనిస్తుంది. బొట్టు అచ్చు పడుతుంది. పడ్డ బొట్టు లేచి, హాల్ టికెట్టు పట్టుకుని లోపలికి నడుస్తుంది. గేటు మూసేస్తారు.

వ్యాను ఇంజను దానంతటదే ఆగిపోతుంది. పైడితల్లి తిరిగొచ్చి, బానెట్ ఎత్తి, బ్యాటరీని రోడ్డు మీద పడేసి, ఆ గూట్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంటుంది. రెండు వైర్లూ చెవులకి తనే తగిలించుకుంటుంది.

"ఇప్పుడు తిప్పు" అంటుంది.

గౌరునాయుడు తాళం తిప్పుతాడు. పరీక్ష హాల్లో దీపాలన్నీ వెలుగుతాయి. మూడో వరసలో బొట్టు పెన్ను మూత తీసి, మొదటి జవాబు మొదలుపెడుతుంది.