కంచె మీద పిలక

ఆయనను వీధిలో అందరూ కత్తెరాయన అనేవారు. ఇంట్లో ముందుగది సెలూను, వెనకగదుల్లో కాపురం. చేతిలో కత్తెర ఆడినంతసేపూ నోరూ ఆడేది. పొద్దున ఎవరింట్లోనైనా కుక్క ఈనితే, మధ్యాహ్నానికల్లా పిల్లల రంగులతో సహా వీధి చివరిదాకా తెలిసిపోయేది. ఆయన భార్య కత్తెరత్త. ఇద్దరి వాటా ఆయనే మాట్లాడేస్తున్నాడు కదా అని ఆమె ఊరుకునేది.

సెలూను ముందు చిన్న తోట, వీధి వైపు భుజాలెత్తు కంచెమొక్కలు. చలి తగ్గి చిక్కుడు మొలకలు పైకి రాగానే, నత్తలు రాకుండా కత్తెరాయన వాటి చుట్టూ కత్తిరించిన జుట్టు చల్లేవాడు. ఆ ఏడాది చల్లింది చల్లినట్టే మాయమవుతోంది.

“ఏమే, మళ్ళీ ఊడ్చేశావా?”

“నేనెందుకు ఊడుస్తానండీ? గాలికి పోయుంటుంది.”

“మెత్తటిదే ఏరుకుని పోతోందే! గాలికి అంత తెలివా?”

ఆ గాలి ఏమిటో ఆమె మర్నాడే చూసింది. ఉతికిన తువ్వాళ్ళు తీగ మీద ఆరేస్తుంటే, వాటి సందులోంచి ఒక పిగిలిపిట్ట కనిపించింది. నల్లటి తల, దాని మీద దువ్వెన చూడని జుట్టు, తోక కింద ఎర్రటి మచ్చ. ముక్కుకు రెండువైపులా మీసంలా జుట్టు వేలాడేసుకుని, అటూ ఇటూ చూసి కంచెలోకి దూరింది. అది బయటికెళ్ళాక ఆమె ఆకులు తప్పించి చూసింది. దోసిలంత గూడు. దాన్ని అలాగే మూసేసి వచ్చింది.

అప్పటినుంచి తువ్వాళ్ళు ఆరేయడానికి ఆమెకు పూటంతా పట్టేది. గోడ మీద తొండ తలాడించేది. తోటలోని పూలలో తేనెటీగలు దూరి, ఒళ్ళంతా పుప్పొడితో వచ్చేవి. గూట్లో గులాబీరంగు గుడ్లు పడ్డాయి. కొన్నాళ్ళకు పిట్ట పురుగులు తేవడం మొదలుపెట్టింది. పిల్లలయ్యాయన్నమాట. ఇంట్లో చంటిబిడ్డ ఉన్నట్టు ఆమె గిన్నెలు కూడా నెమ్మదిగా దించేది.

భర్తకు మాత్రం చెప్పలేదు. చెబితే సాయంత్రానికి వీధంతా కంచె దగ్గర వరస కడుతుంది. అన్ని ముఖాలు తొంగిచూస్తే పిట్ట ఆ గూటి వైపు మళ్ళీ వస్తుందా? చెప్పకపోతే ఇంకో చిక్కు. సోమవారం సెలూనుకు సెలవు.

“ఈ సోమవారం కంచెకు కటింగు” అన్నాడాయన. “మన గుమ్మంలోనే ఇంత మాసిన తల నిలబడి ఉంటే, నా దగ్గర ఎవడు తల వంచుతాడే?”

ఆమె ఆదివారమే పొడుగు పిడుల కంచె కత్తెరను మంచం కింద తువ్వాళ్ళ మూట వెనక్కి తోసేసింది.

సోమవారం ఆయన ఇల్లంతా తిరగేశాడు. “కాళ్ళొచ్చి నడిచిపోయిందా ఏం?”

“కనబడినప్పుడు కోద్దురుగాని. కంచెకేమైనా పెళ్ళిచూపులా, ఇంత తొందర?”

ఆయన గొణుక్కుంటూ వెళ్ళాడు. గండం గడిచిందని ఆమె తువ్వాళ్ళు ఉడకేయడానికి కూర్చుంది. కాసేపటికి తోటలోంచి టిక్ టిక్ మని చప్పుడు. రోజూ వినే చప్పుడే, కానీ ఈవేళ సెలవు!

సబ్బునురగ చేతులతోనే పరిగెత్తింది. భుజాన తువ్వాలు, ఎడమచేతిలో దువ్వెన, కుడిచేతిలో జుట్టు కోసే కత్తెర. కత్తెరాయన కంచెకు క్రాపు చేస్తున్నాడు. కొమ్మలు దువ్వి, వేళ్ళ మధ్య పట్టి, పైకి వచ్చిన చివుళ్ళే కోస్తున్నాడు. సగం కంచె అయిపోయింది.

“ఏమండీ, ఆగండి!”

“ఉండవే, ఇక్కడ సుడి ఉంది” అంటూ ఆకుల్లోకి వేళ్ళు పోనిచ్చాడు. ఆ వేళ్ళు అక్కడే ఆగిపోయాయి.

ఆకుల మధ్య మూడు ఎర్రటి నోళ్ళు తెరుచుకున్నాయి. ఆయనా నోరు తెరిచాడు. మాట రాలేదు. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె అది చూడటం అదే మొదలు.

చివరికి గూట్లో అల్లిన జుట్టు చూపిస్తూ గుసగుసగా అన్నాడు. “ఇది రొట్టెలాయన జుట్టే.”

“మీకెలా తెలుసు?”

“ఆ రాగిరంగు వేసింది నేనే కదా.”

ఆమె నోరెళ్ళబెట్టింది. పుట్టుకతోనే తనది రాగిరంగు జుట్టని రొట్టెల దుకాణమాయన వీధంతా చెప్పుకుంటాడు. “ఇన్నేళ్ళలో నాకైనా చెప్పలేదేం?”

“కుర్చీలో కూర్చున్నవాడి తల సంగతి బయటపెడితే, మళ్ళీ వస్తాడటే వాడు?”

“అయితే వీటినీ మీ కుర్చీలో కూర్చోబెట్టుకోండి” అంది ఆమె.

ఆయన కంచె కేసి చూశాడు, ఆమె కేసి చూశాడు. ఆకులు యథాప్రకారం మూసి, గూడు చుట్టూ గుబురు వదిలేసి, మిగతాదంతా నున్నగా కోశాడు.

మర్నాడు రొట్టెలాయన కుర్చీలో కూర్చోగానే పకపక నవ్వాడు. “ఏమోయ్, కంచెకు ఆ పిలకేమిటి?”

కత్తెర ఆగింది. తెర వెనక తువ్వాళ్ళు మడతపెడుతున్న కత్తెరత్త చేతులూ ఆగాయి. చెప్పాలన్న ఆత్రంతో ఆయన గొంతుక కిందికీ పైకీ ఆడటం అద్దంలో కనబడుతూనే ఉంది.

“కొత్త ఫ్యాషన్ అన్నా” అన్నాడు. “నీకూ వదలమంటావా?”

“నాకొద్దు బాబూ. దేవుడిచ్చిన రంగుంది, అది చాలు.”

“చాలదూ మరి!” అన్నాడు కత్తెరాయన. కత్తెర మళ్ళీ ఆడింది.

పిల్లలు ఒక్కొక్కటీ ఎగిరి చిక్కుడు పందిరి మీదికి చేరిన రోజు, ఆలుమగలిద్దరూ తువ్వాళ్ళ సందులోంచి చూస్తూ నిలబడ్డారు. సాయంత్రం గుమ్మం పక్కన గోడకు పొడుగు పిడుల కత్తెర ఆనించి ఉంది.

“దొరికిందా?” అన్నాడాయన.

“దొరికింది” అంది ఆమె.

ఎక్కడని ఆయన అడగలేదు.