ఫిర్యాదు లేని ఏడాది

లేదులే, ఆ మెట్ల దీపం బాగుపడే ఉంటుంది, లేకపోతే ఆర్నాల్డ్ గారు ఊరుకునే మనిషా అనుకుంటూ డోరీన్ సాసర్ల మీద కప్పులు సర్దుతోంది. కిటికీ అవతల నవంబరు వాన. టౌన్ హాలు మేడమీది గదిలో కాసేపట్లో కౌన్సిలు ఏడాది పనితీరు మీద సమావేశం. ఊళ్ళో వాళ్ళెవరైనా రావచ్చు. టీ ఇవ్వడం డోరీన్ అసలు పని కాదు. ఆమె పని కింద గదిలో ఫోను దగ్గర కూర్చుని ఊరివాళ్ళ ఫిర్యాదులు రాసుకోవడం. చేరిన కొత్తలో అందరికంటే చిన్నదని ఏటా ఈ ఒక్కరోజు టీ పని అప్పజెప్పారు. ఇప్పుడు అందరికంటే పెద్దది. ఆ సంగతి ఎవరూ గమనించలేదు. ఆమె కూడా గుర్తు చేయలేదు.

సన్నటి భుజాలు, మెడదాకా బొత్తాలు పెట్టిన ఊలు కోటు, చన్నీళ్ళకి ఎర్రబడ్డ వేళ్ళ కణుపులు. ఎవరు మాట్లాడినా తల ఎడమకి వాల్చి వింటుంది, అక్కడ ఫోను లేకపోయినా.

ఆమె పైఅధికారి జిలియన్ గోడకి రంగుల పట్టిక తగిలిస్తోంది. సరిగా జరగని పనికి ఎరుపు, ఫరవాలేదనుకుంటే పసుపు, బాగా జరిగితే పచ్చ. "చూశారా డోరీన్, చాపెల్ మెట్లు ఈసారి పచ్చకొచ్చాయి" అంది సంతోషంగా. మరమ్మతుల జాబితాలోంచి ఆ మెట్ల దీపాన్ని ఇవాళ తీసేస్తారనీ, చలికాలం దాటాక ఈ ఏడాది ఒక్క ఫిర్యాదైనా రాలేదనీ చెప్పింది. "వెలగట్లేదని ఎవరూ అనకపోతే వెలుగుతున్నట్టేగా."

పాత మిల్లు దగ్గర్నుంచి, చాపెల్ అనే చిన్న చర్చి పక్కగా, గుట్టమీది ఇళ్ళకి ఎక్కే రాతిమెట్లవి. మధ్యలో ఒకటే దీపం. నాలుగు చినుకులు పడితే ఆరిపోతుంది. ఆరిన మర్నాడు పొద్దున్నే గుట్టమీద ఉండే ముసలాయన ఆర్నాల్డ్ ఫోను చేసేవాడు.

"బతికే ఉన్నావా తల్లీ? నేనూ ఉన్నాను. మీ దీపమే పోయింది."

ఆ మాట అయ్యాక ఆయన ఫోను పెట్టేసేవాడు కాదు. వాళ్ళ నాన్న పొడుగాటి కర్ర పట్టుకుని అదే మెట్లమీద గ్యాసు దీపాలు వెలిగించిన రోజులు చెప్పేవాడు. మిల్లు కూత వినపడగానే కార్మికుల చెక్కబూట్ల చప్పుడు జలపాతంలా దిగేదట, చీకట్లో బూట్ల అడుగు ఇనుముకి నిప్పురవ్వలు లేచేవట. చివర్లో, పొద్దున ఏం తిన్నావని అడిగేవాడు. ఎండు రొట్టెముక్క అంటే, పిట్టకైనా చాలదే అని కోప్పడేవాడు. అమ్మ పోయాక ఆమెను ఆ మాట అడిగినవాళ్ళు లేరు.

ఫిర్యాదు రాసి మరమ్మతుల వాళ్ళకి పంపేది. వాళ్ళు వచ్చి ఏదో బిగించి పోయేవాళ్ళు. ఆమె ఒక్కసారి వెళ్ళి గట్టిగా పట్టుబడితే దీపం శాశ్వతంగా బాగుపడేదేమో. వెళ్ళలేదు. దీపం వెలిగితే ఫోను మోగదు. ఆ ఆలోచన అంచుదాకా వచ్చినప్పుడల్లా ఆమెకి ఏదో ఒక పని గుర్తొచ్చేది. ఇప్పుడూ, కడిగిన చెంచాలనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టింది.

చలికాలం వెళ్ళేసరికి ఆయన ఫోన్లు ఆగిపోయాయి. దీపం బాగైంది, ఇక నాతో ఏం పని అనుకుంది. మనసు చివుక్కుమంది. ఆయన నంబరు నోటికొచ్చు. కానీ ఫిర్యాదు లేని మనిషికి ఆఫీసు ఫోను చేయదు.

జనం తడికోట్లతో వచ్చి కూర్చున్నారు. గోడవారన ఒక భారీ మనిషి, ఒళ్ళో టార్చి పెట్టుకుని, చక్కెర వద్దంది. పేరు నోరా అట, ఇల్లు చాపెల్ మెట్ల పైన. డోరీన్ కెటిల్ వంచుతూనే, మామూలుగా అడిగినట్టు, ఆర్నాల్డ్ గారు కులాసాయేనా అంది.

"ఆర్నాల్డా? ఫిబ్రవరిలోనే పోయాడమ్మా. నిద్రలోనే. అదృష్టవంతుడు." నోరా ఒళ్ళోని టార్చి చూపించింది. దీపం లేనప్పుడు ఎవరికైనా పనికొస్తుందని ఆయనే మెట్ల కడ్డీకి తాడుతో తగిలించాడట. ఆయన పోయినప్పట్నుంచి దీపం ఆరే ఉందట.

"మరి మీరెవరూ ఫోను చేయలేదే?"

"అది ఆయన పని కదమ్మా. మాకెవరికీ అలవాటు లేదు."

కప్పు నిండి సాసర్లోకి పొర్లింది. చచ్చిపోయిన మనిషి మీద తను వసంతమంతా, వేసవంతా అలిగింది.

ముందు బల్ల దగ్గర అధ్యక్షుడు బ్రియర్లీ పట్టిక చదువుతూ చాపెల్ మెట్ల దాకా వచ్చాడు. పచ్చ, అన్నాడు నవ్వుతూ. ఎవరికైనా అభ్యంతరమా అని అడిగాడు, ఏటా అడిగే ధోరణిలోనే. నోరా తన కప్పులోకి చూసుకుంటోంది. ఈ గదిలో ఉద్యోగులు నోరు విప్పరు.

డోరీన్ కెటిల్ బల్లమీద పెట్టి చెయ్యెత్తింది.

"ఏమ్మా, టీ అయిపోయిందా?" అన్నాడు బ్రియర్లీ. నలుగురూ నవ్వారు.

"ఉందండీ. చాపెల్ మెట్ల దీపం వెలగట్లేదు. ఫిర్యాదు రాసుకోండి."

జిలియన్ పట్టిక వైపు చూసి, డోరీన్ వైపు చూసింది. బ్రియర్లీ నవ్వు ఆపి, ఆ పద్దు ఇవాళ తీసేయవద్దని పక్కవాళ్ళకి చెప్పి కలం అందుకున్నాడు.

"ఎవరి పేరు మీద?"

ఆ ప్రశ్న ఇన్నేళ్ళూ ఆమె అడిగిందే. జవాబు చెప్పడం ఇదే మొదలు.

"డోరీన్ హార్‌గ్రీవ్స్" అంది.

నోరా లేచి వచ్చి టార్చిని కప్పుల మధ్య పెట్టి వెళ్ళింది. పిడికి కట్టిన తాడు ఇంకా తడిగానే ఉంది. ఆర్నాల్డ్ వేసిన ముడి ఎక్కడా వదులవలేదు.