ఎల్లవ్వ చేతిలో సంఘం మైకు

నేను ఒక చేతి మైకును. బ్యాటరీలు వేసి, పిడి దగ్గరున్న మీట నొక్కి పట్టుకుంటే మాట్లాడతాను, వదిలేస్తే నోరు మూసుకుంటాను. సైరన్ కూతకు పక్కనే ఇంకో ఎర్ర మీట ఉంది గానీ, నా యజమానులంతా పంతుళ్లు కావడంతో పిల్లలు దడుచుకుంటారని దాన్నెవరూ ముట్టుకోలేదు. నాకు సొంత మాటంటూ లేదు. అయినా ఒకనాడు నాలోంచి ఊరంతా విన్న మాటొకటి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

నన్ను కోఠిలోని ఒక ఇరుకు దుకాణంలో ఉపాధ్యాయ సంఘం మండల శాఖ వాళ్లు కొన్నారు. అప్పట్లో కార్యదర్శి అనసూయ టీచర్. సన్నటి మనిషి, గొంతు మాత్రం బడి గంటకు పోటీ. ఎర్రకుంట బడిలో ఐదు తరగతులకూ కలిపి ఆమె ఒక్కతే. ఆమెకు జ్వరమొస్తే బడికి సెలవే. రెండో టీచర్ని ఇచ్చేదాకా లేవమని సంఘమంతా మండల ఆఫీసు ముందు ఎండలో కూర్చుంది. "మేం మా జీతాల కోసం రాలే సారూ, ఎర్రకుంట పిల్లల కోసం వచ్చినం" అని ఆమె నాలోంచి అంటే నాకే ఒళ్లు పులకరించింది. రెండో టీచర్ వచ్చాడు. అప్పట్నుంచి ఆ ఊళ్లో సంఘం మనిషి కనబడితే జనం లేచి కుర్చీ వేసేవాళ్లు. అనసూయ టీచర్ కొడుకు కూడా ఆ బళ్లోనే చదివాడు. తరగతిలో ఆమెను "అమ్మా" అని పిలిచి పాపం గోడకుర్చీ కూడా వేశాడు.

అలా వచ్చిన రెండో టీచరే దామోదర్ సార్. అనసూయ టీచర్ రిటైరయ్యాక కార్యదర్శి పదవితో పాటు నేనూ ఆయన చేతికి వచ్చాను. ఆయన చెడ్డవాడేం కాదు, పాఠం బాగా చెప్పేవాడు. కాకపోతే నన్ను పట్టుకున్నాడంటే పుస్తకాల భాష తప్ప మరోటి వచ్చేది కాదు. బదిలీల సభైనా పెన్షన్ల సభైనా "ప్రభుత్వ విద్యను పరిరక్షించుకుందాం" అనందే దిగేవాడు కాదు. మీట నొక్కి నొక్కి బొటనవేలు గుంజుతోందని దాని మీద ఒక రబ్బరు బ్యాండు బిగించాడు. ఉపన్యాసం అయిపోగానే తీసేసి జేబులో వేసుకునేవాడు. వేలికి కూడా కష్టం కలగనివ్వని ఆ తెలివి చూసి నవ్వుకున్నాను.

ఇంతలో ఊళ్లోకి పసుపు బస్సు రావడం మొదలైంది. అది పట్నంలోని ప్రైవేటు బడిది. ఇంటింటి ముందూ ఆగి పిల్లల్ని ఎక్కించుకుపోయేది. చూస్తుండగానే మా బడి సగం ఖాళీ అయింది. ఈసారి కొత్త పిల్లలు చేరకపోతే బడికి తాళం వేసి, ఉన్నవాళ్లని పెద్దరోడ్డు అవతలి ఊరి బడిలో కలిపేస్తామని పైనుంచి చెప్పారు. ఆ రోడ్డు మీద లారీలు పిల్లల్ని చూసి ఆగే రకం కాదు. బస్సు ఎక్కించే తాహతు లేని తల్లులకు అదే బెంగ.

జూన్‌లో బడిబాట వచ్చింది. టీచర్లు ఇల్లిల్లూ తిరిగి, పిల్లల్ని సర్కారు బడికి పంపమని అడిగే రోజులవి. దామోదర్ సార్, తోటి టీచర్ స్వరూప, వాళ్లతో నేను. ఎల్లవ్వ అరుగు ముందు సార్ ఉపన్యాసం దంచాడు. ఎల్లవ్వ బీడీలు చుట్టుకునే మనిషి, మహిళా సంఘం లీడరు. ఆమె ఏ బడి అంటే ఆ వాడకంతటికీ అదే బడి. అంతా విని, ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది.

"మీది సంఘమే, మాది సంఘమే సారూ. అనసూయ టీచర్ మా పిల్లల కోసం ఎండల కూసున్నది మేం మర్సిపోలే. మా మనుమరాలు మానసను రాసుకోండ్రి. ఆగుండ్రి, మిగిలినోళ్లను గూడ తోల్కొస్త" అని వాడలోకి వెళ్లింది.

సార్ ముఖం వెలిగిపోయింది. నన్ను గడ్డం కిందికి దించాడు. ఆ సంబరంలో రబ్బరు బ్యాండు తీయడం మరిచిపోయాడు.

స్వరూప టీచర్ మెల్లగా అంది. "సార్, మీ పాపను గూడ రోజూ మీతోని పట్నం నుంచి బండి మీద తీస్కొచ్చి మన బళ్లె ఏస్తే బాగుంటది. జనం అడుగుతున్నరు."

"ఊకోండి టీచర్. మన బళ్లె ఏస్తే దాని బతుకేం గావాలె?"

ఆయన గుసగుసగానే అన్నాడు. నేను వాడ చివరిదాకా వినిపించాను. ఆయన నాలోంచి తన ఇంటి భాషలో మాట్లాడింది ఆ ఒక్కసారే.

పిల్లల చేతులు పట్టుకుని వస్తున్న ఆడవాళ్లు ఎక్కడివాళ్లక్కడ నిలిచిపోయారు. సార్ నా వంక చూశాడు, రబ్బరు బ్యాండు చూశాడు.  ఎల్లవ్వ దగ్గరికొచ్చింది గానీ గొంతు పెంచలేదు.

"మీ బిడ్డ బతుకేం గావాలె అంటిరి. మరి మా పిల్లల బతుకేం గావాలె సారూ?"

 సార్ నన్ను అరుగు మీద పెట్టి, బండి సంగతి కూడా మరిచి నడుచుకుంటూ వెళ్లిపోయాడు. ఆ మాట నాది కాదని అరవాలనిపించింది. కానీ అనసూయ టీచర్ మాటకు పులకరించినప్పుడు అది నాది కాదని అనుకోలేదు కదా. పొగడ్తలో వాటా తీసుకుని సిగ్గులో వద్దంటే ఎలా?

మైకు తీసుకుపొమ్మని ఎల్లవ్వ కబురు పెట్టింది. సార్ రాలేదు. ఒకరోజు స్వరూప టీచరే వచ్చి, అరుగు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. మన పిల్లల్ని మన బడుల్లోనే వేద్దామని సంఘం మీటింగులో ఆమె తీర్మానం పెడితే, "అది ఎవరిష్టం వాళ్లది" అని మిగతా టీచర్లు టీ తాగి లేచారట. దామోదర్ సార్ తల ఎత్తలేదట. "మైకు నీ దగ్గర్నే ఉండనీ ఎల్లవ్వా, సార్ అడగడు" అని వెళ్లిపోయింది.

ఆ మాట విన్నాక కొత్త పిల్లలెవరూ చేరలేదు. బడికి తాళం పడింది. తాళం తీయమని టీచర్ల సంఘం అద్దె మైకు తెచ్చి ధర్నా చేసింది. ఎర్రకుంట నుంచి ఒక్కరూ పోలేదు.

ఇప్పుడు నా బతుకు పెద్దరోడ్డు పక్కన. రోజూ పొద్దున ఎల్లవ్వ పిల్లల్ని వరసగా నిలబెట్టి, నన్నెత్తి ఆ ఎర్ర మీట నొక్కుతుంది. ఇన్నేళ్లూ ఎవరూ ముట్టని నా సైరన్ కూత పెడుతుంది. లారీలు కీచుమంటూ ఆగుతాయి, పసుపు బస్సూ ఆగుతుంది. మానస, దాని వెనక మిగిలిన పిల్లలు పుస్తకాల సంచులతో అవతలి ఊరి బడికి రోడ్డు దాటుతారు. మానస జడకు ఉన్నది ఆ రబ్బరు బ్యాండే.

ఆగిన బళ్ల మధ్య దామోదర్ సార్ బండి కూడా ఉంటుంది. ఆయన్ని ఆ అవతలి బడికే వేశారు. పిల్లలు "నమస్తే సార్" అంటూ ఆయన ముందు నుంచే దాటుతారు. ఆయన నన్ను చూసి తల దించుకుంటాడు. నేనూ దించుకుందామనే చూస్తాను, ఎల్లవ్వ నన్ను ఎత్తి పట్టుకునే ఉంటుంది.