సుంకులమ్మ లక్క ముద్ర

సుంకులమ్మ నెయ్యంటే ఎమ్మిగనూరు షావుకారు దేవేంద్రప్ప అరచేతికి రాసుకొని కూడా చూడకుండా కొనేవాడు. అట్లాంటివాడు, ఈ మధ్య కుండ వచ్చిన ప్రతిసారీ వనస్పతి వాసన కొడుతోందని కబురు చేస్తున్నాడు. ఇంకొక్కసారి ఇట్లాగే వస్తే ఆమె కుండ తన అంగడి మెట్టెక్కకూడదన్నాడు.

కుండను అక్కడికి చేర్చేది బండి తోలే చిన్న ఈరన్న. అందుకే ఆ సంతరోజు పొద్దున సుంకులమ్మ కుండ మూతికి గుడ్డ కట్టింది. పోస్టాఫీసులో అడిగి తెచ్చుకున్న లక్కను కరిగించి ముడి మీద పోసి, తన వెండి ఉంగరంతో అదిమింది. ఈరన్న కళ్ల ముందరే.

"ఏమక్కా, కోర్టు అమీను ఇల్లు జప్తు చేసి సీలేసినట్ల కుండకేస్తాండావు?" అన్నాడు ఈరన్న. బండెక్కిన సంతజనం నవ్వారు.

"దొంగ దొరకల్ల గదప్పా" అంది సుంకులమ్మ, తలెత్తకుండా.

ఈరన్న ముఖంలో నవ్వు ఎండిపోయింది. ఆ ఊరి ఆడపిల్లల నగలు సైతం అతని బండిలో ఉత్త గుడ్డముడితోనే అత్తగారిళ్లకు పోతాయి.

ఆమె మొగుడు గోపన్న అరుగు మీదే ఉన్నాడు. కుండలో వనస్పతి ముందురోజే పడింది. సుంకులమ్మ చేనికి పోయినప్పుడల్లా గిన్నెడు నెయ్యి తీసి టీ అంగడికి అమ్మేదీ, ఆ వెలితిని వనస్పతితో పూడ్చేదీ అతనే. ఊరి బయట డేరాలో ఆడే సినిమా కోసం. నలభై దాటిన మనిషి, చూసిన ఆటే మళ్లీ మళ్లీ చూశాడు. "ఆగు ఈరన్నా" అందామని నోరు తెరిచాడు. అందరూ ఉన్నారు. మూసుకున్నాడు. బండి కదిలింది.

సాయంత్రం ఈరన్న కుండను తెచ్చి అరుగు మీద పెట్టాడు.

"ముద్ర షావుకారే పగలగొట్నాడక్కా, అందరి ముందర. అంతదాకా అది చెక్కు చెదరలే. లోపల అదే వాసన. దొంగను నీ ఇంట్లోనే ఎతుక్కోమన్నాడు."

మజ్జిగ ఇవ్వబోతే ముట్టకుండా పోయాడు.

ఇంట్లో ఉండేది ఇద్దరే. ఆమె మొగుడి వైపు తిరిగింది.

"నేనే" అన్నాడు గోపన్న. "సినిమాకు."

"సినిమాకా?" అంది సుంకులమ్మ. "ఆయప్పను దొంగంటినే నేను! పొద్దున నీకు నోరు పడిపోయిండెనా?"

గోపన్న ఈరన్న ఇంటికి పోయి అంతా చెప్పాడు. ఈరన్న ఎద్దులకు మేత వేస్తూ విన్నాడు.

"నేను తీయలేదని నాకు తెల్సులేప్పా. నాకెందుకు చెప్తావు? బండికాడ అనిరి, బండికాడే చెప్పు."

వచ్చే సంతకు గోపన్న కుండ లేకుండా బండి దగ్గరికొచ్చాడు. జనం ఎక్కాక కూడా ఈరన్న పగ్గాలు పట్టలేదు. గోపన్న తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఇనండప్పా" అన్నాడు.

"ఏం గోపన్నా, సినిమా కత చెప్తావా?" అన్నారెవరో. బండంతా నవ్వింది.

"ఆ కతేనప్పా" అన్నాడు గోపన్న, నేల చూస్తూ.