పిట్ట ముట్టిన సీసా

నా మొగుడు నాగేశ్వర్ పోయిన మూడో రోజు పొద్దున నన్ను రాజురా బజారులోని దారు దుకాణానికి పంపారు. విస్కీ సీసా కొనుక్కురమ్మని! లివర్ చెడి, కడుపు కుండలా ఉబ్బి పోయిన మనిషికి విస్కీ కావాలట. పిట్టకు పెట్టాలి కదా. మా వైపు మూడో రోజున చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఆకులో వడ్డించి వాగు ఒడ్డున పెడతాం. కాకి వచ్చి ముడితే ఆత్మ తృప్తి పడ్డట్టు. ముట్టకపోతే ఏదో కోరిక మిగిలిపోయినట్టు.

"కోడికూర నేనొండుత," అంది మా అత్త గంగవ్వ. "సీస మాత్రం నువ్వే తేవాలె కోమలా. నీ చేతులతోనే తేవాలె."

మైల రోజుల్లో గడప దాటొద్దన్న నియమం ఈ ఒక్క పనికి అడ్డం రాలేదు. ఎందుకో నాకు తెలుసు. జిల్లాలో దారు బంద్ చెయ్యాలని ఆడవాళ్లం రోడ్డెక్కినప్పుడు మా ఊరి గుంపుకు ముందున్నది నేనే. బంద్ అయింది కూడా, ఆరేళ్లు. నా మొగుడు ఆగాడా? విరూర్‌లో రైలెక్కి, సరిహద్దు దాటి తెలంగాణలోకి పోయి తాగొచ్చేవాడు. తర్వాత బంద్ ఎత్తేశారు. ఆయనకు రైలు టికెట్ మిగిలింది. తన కొడుకును ఊరూరూ తిప్పి చంపింది కోడలేనని అత్త కోపం.

అననీ. నాకు కావలసింది ఒక్కటే. పిట్ట ముట్టాలి, ఆయన పోవాలి, ఆయన వెంట ఆ వాసన కూడా మా ఇంట్లోంచి పోవాలి. నా కొడుకు ప్రతీక్‌కు ఇరవై ఏళ్లు. ఐటీఐ చదువుతున్నాడు. ఈ పాడు తాగుడు వాడి దాకా రాకూడదు.

దుకాణంలో ఇనుప జాలీ వెనకున్న మనిషి నన్ను చూసి తడబడ్డాడు. ఆ రోజుల్లో నా నినాదాలు విన్నాడేమో.

"విస్కీ కావాలె. మంచిది," అన్నాను.

"మంచిదంటే ఎవల టేస్టు వాళ్లది గద తాయీ. తియ్యగుండాల్నా, పొగ వాసనదా? గొంతుల మెత్తగ దిగేదా?"

పెళ్లిసంబంధం చెబుతున్నట్టు ఒక్కో సీసా గుణగణాలు ఏకరువు పెట్టాడు. నాకు ఒళ్లు మండింది. ఇరవై రెండేళ్లు కాపురం చేశాను. ఆయన కూరలో ఉప్పెంతో తెలుసు, పప్పులో పులుపెంతో తెలుసు. తాగేది ఏదో మాత్రం తెలియదు. సీసా నా కంట పడనిస్తే కదా! పడితే బండకేసి కొట్టేదాన్ని. నాకు దక్కింది వాసనే.

"కాలిన బెల్లం వాసనొస్తది," అన్నాను. "పక్కల పండుకుంటే తెల్లారేదాక వస్తది."

అతను నవ్వబోయి ఆపుకున్నాడు. పైవరుసలోంచి బంగారు అక్షరాల అట్టపెట్టె దించాడు. "గిదే తాయీ. అమీర్లు తాగేది."

కొంగు కింద దాచుకుని బస్సెక్కాను. బతికుండగా ఆయన ఇంత మంచిది తాగి ఉండడు.

వాగు ఒడ్డున మోదుగాకు విస్తరిలో అన్నం, కోడికూర, ఉడికించిన గుడ్డు పెట్టారు. పక్కన గ్లాసులో విస్కీ పోశాడు మా మరిది హనుమంతు. అందరం దూరంగా నిలబడ్డాం. కాకులు తుమ్మకొమ్మ మీద కూర్చుని అరిచాయే గాని ఒక్కటీ దిగలేదు. గంట గడిచింది. అన్నం ఎండిపోయింది.

"వదినె, సరైన సీస తెచ్చినవా?" అన్నాడు హనుమంతు.

"ఏం తెస్తది! నా కొడుకును సచ్చినంక గూడ గొంతెండి దూపతోనే పంపుతది," అని అత్త శోకం తీసింది. చుట్టాలంతా నా వైపు చూశారు. సిగ్గుతో చచ్చిపోయాను.

అప్పుడు ప్రతీక్ ముందుకు వెళ్లాడు. ఆకు సర్దుతాడేమో అనుకున్నాను. గ్లాసు ఎత్తి వాసన చూశాడు. ఒక గుక్క నోట్లో తిప్పి మింగాడు. మొహం కొంచెం కూడా చిట్లించలేదు.

"గిది బాపుది కాదు కాకా. గిది తియ్యగుంది. బాపుకు గొంతు కాలాలె."

వెళ్లి వాడి భుజం పట్టుకున్నాను. "నీకెట్ల తెలుసురా?"

వాడు తల వంచుకున్నాడు. "నువ్వే తోడు పంపుతుంటివి గద అమ్మా, రైలు పట్టాల మీద పడిపోతడని. ఆఖరి గుక్క నాకిస్తుండె బాపు."

పంపాను. నిజమే. పదకొండేళ్ల పిల్లవాణ్ణి చొక్కా గుండీలు పెట్టి, తల దువ్వి నేనే పంపాను. మొగుడు ఇంటికి క్షేమంగా వస్తే చాలనుకున్నాను.

"శెభాష్ బిడ్డా! బాపు పానం నీకే తెలుసు," అని హనుమంతు బండి తాళం వాడి చేతిలో పెట్టాడు. వాడు విరూర్ దాకా పోయి ఎర్రమూత సీసా ఒకటి తెచ్చాడు. పాత గ్లాసు పారబోసి, కొత్తది కొలిచినట్టు పోసి, ఎన్ని నీళ్లు కలపాలో అన్నే కలిపాడు. ఆకు పక్కన పెట్టి ఇవతలికి వచ్చాడో లేదో, కాకి దిగి అన్నం ముట్టింది.

అందరూ దండం పెట్టారు. ప్రతీక్ మిగిలిన సీసాకు మూత బిగించి బండి డిక్కీలో పెట్టుకున్నాడు.

మూడు రోజుల్లో మొదటిసారి బోరున ఏడ్చాను. మొగుడి మీద ప్రేమ ఇప్పటికి పొంగిందనుకుని మా అత్త దగ్గరికొచ్చి నా వీపు నిమిరింది.